బ్రేకు వేసేది పాదం, బండిని ఆపేది రోడ్డు

ఒక రహదారిమీద రెండు కార్లు పక్కపక్కగా పోతున్నాయనుకోండి. రెండింటి టైర్లూ, బ్రేకులూ ఒక్క తీరువే. రోడ్డు పొడిగా ఉంది. చోదకులిద్దరూ చురుకైనవారే. మొదటి కారు వేగం గంటకు 72 కిలోమీటర్లు. రెండవదాని వేగం 90. ఇంతలో పొలం గట్టు దిగి ఒక గేదె హఠాత్తుగా రోడ్డుమీదికి వచ్చింది. ఇద్దరూ దానిని ఒకే క్షణంలో చూశారు, ఒకే క్షణంలో బ్రేకు తొక్కారు. మొదటి కారు గేదెకు జానెడు ఎడంలో ఆగింది. అదే చోటికి చేరేసరికి రెండవ కారు వేగం ఎంత ఉంటుంది?

వేగాలలో తేడా 18 కిలోమీటర్లే గనుక ఆ 18 మాత్రమే మిగిలి ఉంటుందని చాలామంది సమాధానం చెబుతారు. నిజానికి ఆ చోటికి చేరేసరికి రెండవ కారు ఇంకా గంటకు దాదాపు 62 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. గేదెకు బదులు బంతి వెంట పరుగెత్తే పిల్లవాడు ఉన్నట్లయితే, ఈ రెండు కార్ల మధ్య ఉన్న తేడా ఒక నిండు ప్రాణం.

ఇందులో గారడీ ఏమీ లేదు. ఇది పాఠశాలలో చెప్పే లెక్కే. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. 90 అంటే సెకనుకు 25 మీటర్లు. కన్ను చూచి, మెదడు గ్రహించి, పాదం కదిలి, బ్రేకు పట్టుకొనేలోగా ఎంత చురుకైనవానికైనా ఇంచుమించు ఒక సెకను గడిచిపోతుంది. ఆ సెకనులో మొదటి కారు 20 మీటర్లు, రెండవది 25 మీటర్లు వేగం తగ్గకుండానే సాగిపోతాయి. పొడి రోడ్డుమీద బ్రేకు బలంగా వేస్తే కారు వేగం ఒక్కొక్క సెకనుకు సుమారు 25 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుంది. ఆ ప్రకారం మొదటి కారు మరి 29 మీటర్లలో, అంటే మొత్తం 49 మీటర్లలో ఆగుతుంది. రెండవ కారుకు మిగిలింది 24 మీటర్లు మాత్రమే. ఆ దూరాన్ని అది ఒక సెకనుకు కాస్త పైగా దాటేస్తుంది. అంత స్వల్పకాలంలో బ్రేకు ఎంత వేగాన్ని తగ్గించగలదు? గంటకు 28 కిలోమీటర్లు మించదు.

ఢీకొన్న ప్రతిచోటా “బ్రేకు పడలేదు” అన్న మాట వినబడుతూ ఉంటుంది. అనేక సందర్భాలలో బ్రేకు పడుతూనే ఉంటుంది. అది పనిచేయడానికి కావలసిన దూరమే ఉండదు. భారతదేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్క. ఆ సంవత్సరపు ప్రమాదాలలో అయిదింట ఒక వంతుకు పైగా ఒక వాహనం మరొకదానిని వెనుకనుండి ఢీకొనగా జరిగినవే. బ్రేకు వేయడం ఎలాగో తెలియనివారు అరుదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత బలంగా వేయాలన్నది తెలియకపోవడమే అనర్థాలకు మూలం.

అరచేయంత ఆధారం

బ్రేకు కారును ఆపుతుందనుకోవడం పొరపాటు. బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపుతుంది. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్యగల పట్టు. ఒక్కొక్క టైరు రోడ్డును తాకే మేర ఇంచుమించు ఒక అరచేయంత. నలుగురు మనుషులనూ, వారి సామానునూ మోసుకొని దూసుకుపోయే టన్నున్నర బరువుకు ఆ నాలుగు అరచేతుల మేరే ఆధారం. ఎంత ఖరీదైన బ్రేకు అయినా రోడ్డు ఇచ్చే పట్టుకు మించి పిసరంత కూడా ఆపలేదు.

పాదపు ఒత్తిడి చక్రాన్ని చేరే మార్గం చిత్రమైనది. పెడలును తొక్కినప్పుడు గొట్టాలలోని బ్రేకు ఆయిలుమీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి ద్రవంలో అన్ని వైపులకూ సమానంగా వ్యాపించి నాలుగు చక్రాలకూ చేరుతుంది. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. దీనిని మోటారు వాహనానికి అన్వయించి మాల్కం లాక్‌హీడ్ 1917లో అమెరికాలో పేటెంటు పొందాడు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులు అమర్చుకున్న తొలి కారు. చక్రంతోపాటు తిరిగే పళ్ళెంవంటి డిస్కును రెండు వైపులనుండీ నొక్కి పట్టే పద్ధతికి ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందాడు. కాని 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో డిస్కు బ్రేకులతో జాగ్వార్ కారు గెలిచిన తరువాతనే లోకం దాని విలువను బాగా గుర్తించింది.

డిస్కు అయినా, దానికి ముందునుండీ ఉన్న డ్రమ్ము అయినా చేసే పని ఒక్కటే: కదలికలోని శక్తిని రాపిడిచేత వేడిగా మార్చి గాలిలోకి వదలడం. ఈ శక్తి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపయితే అది నాలుగు రెట్లవుతుంది, మూడింతలయితే తొమ్మిది రెట్లవుతుంది. అందుచేత పొడి రోడ్డుమీద 36 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన పిమ్మట 7 మీటర్లలో ఆగే కారుకు, 72లో 29 మీటర్లు, 108లో 64 మీటర్లు అవసరమవుతాయి. చోదకుని ఒక సెకను ఆలస్యాన్ని కలుపుకొంటే ఇవి వరుసగా 17, 49, 94 మీటర్లు. అలసట, నిద్రమత్తు, మద్యం, చేతిలోని సెల్‌ఫోను ఆ ఒక సెకనును రెండు, మూడు సెకన్లుగా సాగదీస్తాయి. 72 కిలోమీటర్ల వేగంలో పోయే ఒక్కొక్క సెకనూ 20 మీటర్లను మింగివేస్తుందని గుర్తుంచుకోవాలి.

తొలకరి తెచ్చే ముప్పు

ఎండాకాలమంతా రోడ్డుమీద చమురు చుక్కలు, టైర్ల రబ్బరు పొడి, దుమ్ము పేరుకొని ఉంటాయి. తొలకరి జల్లు పడగానే ఇవన్నీ కలసి పలుచని జిగురుపొరగా మారతాయి. జోరువాన గంటసేపు కురిసి కడిగేసిన రోడ్డుకంటె, అప్పుడే చినుకులు మొదలయిన రోడ్డు ఎక్కువగా జారుతుంది. అద్దంమీద మొదటి చినుకు పడినప్పుడే పాదం యాక్సిలరేటరుమీదనుండి కొంత పైకి లేవాలి.

తడి రోడ్డుమీద పట్టు దాదాపు సగానికి పడిపోవచ్చు. 72 కిలోమీటర్ల వేగంలో 49 మీటర్లలో ఆగవలసిన కారు అప్పుడు 70 మీటర్లు తీసుకొంటుంది. 108లో 94కు బదులు 142 మీటర్లు. కాబట్టి వానలో బ్రేకు మెత్తగా, ముందుగా వేయాలి. ముందుపోయే వాహనానికి ఉంచే ఎడాన్ని రెట్టింపు చేయాలి.

నీరు మందంగా నిలిచినచోట మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. టైరుమీది గాళ్ళు నీటిని పక్కలకు నెట్టివేయలేనప్పుడు టైరు రోడ్డును వదలి నీటిపొరమీద తేలిపోతుంది. 1960 దశకంలో విమానాల టైర్లను పరీక్షించిన నాసా శాస్త్రజ్ఞులు, ఇలా తేలే వేగం టైరులోని గాలి ఒత్తిడినిబట్టి ఉంటుందని కనుగొన్నారు. వారి సూత్రం ప్రకారం 30 పౌండ్ల గాలిగల టైరు గంటకు 90 కిలోమీటర్ల దరిదాపులలో తేలుతుంది. గాలి తగ్గినా, గాళ్ళు అరిగినా ఇంకా తక్కువ వేగంలోనే ఈ స్థితి రావచ్చు. అప్పుడు స్టీరింగు చేతికి తేలికగా, ఏ బరువూ లేనట్లు తోస్తుంది. ఆ క్షణంలో బ్రేకు తొక్కరాదు, స్టీరింగు తిప్పరాదు. యాక్సిలరేటరు నెమ్మదిగా వదలి, చక్రాలు తిరిగి రోడ్డును అందుకొనేదాకా స్టీరింగును తిన్నగా పట్టుకోవాలి. మన మోటారు వాహనాల నియమాల ప్రకారం కారు టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అయితే ఇది చట్టం ఒప్పుకొనే కనీసపు హద్దు మాత్రమే. వర్షాకాలం రాకముందే, ఆ హద్దుకు చేరకముందే టైర్లను మార్చడం వివేకం.

రైలు వంతెన కిందనో, వాగు పొంగినచోటనో నీటిలోనుండి కారును దాటించిన పిమ్మట బ్రేకులు తడిసి సరిగా పట్టవు. వెనుక వాహనాలు దగ్గరలో లేకుండా చూచుకొని, నెమ్మదిగా పోతూ బ్రేకును తేలికగా కొన్నిసార్లు తొక్కితే ఆ వేడికి తడి ఆరిపోతుంది. ఇది చేయకుండా వేగం పెంచితే, ఆపవలసినప్పుడు కారు ఆగదు.

కొండ దిగేటప్పుడు

చదును నేలమీద బ్రేకుకు శత్రువు వేగమయితే, కొండదారిలో శత్రువు వేడి. తిరుమలకు తొలి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడ్డాయి. ఇప్పుడు వాహనాలు ఎక్కేది ఒక దారిన, దిగేది మరొక దారిన. కొండమీదికీ కిందికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి టన్నున్నర బరువుగల కారు అంత ఎత్తునుండి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తినంతటినీ వేడిగా మారిస్తే దానితో ముప్పయి లీటర్ల నీటిని మరిగించవచ్చు. మరొక విధంగా చెప్పాలంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంనుండి ఆ కారును 28 సార్లు పూర్తిగా ఆపినప్పుడు పుట్టే వేడికి అది సమానం.

ఈ వేడిని బ్రేకులొక్కటే భరించవలసి వస్తే జరిగేది ఇది. ముందుగా కాలిన వాసన వస్తుంది. లైనింగు అతిగా వేడెక్కి పట్టు కోల్పోతుంది. డ్రమ్ము బ్రేకులయితే వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది. పెడలును ఎంత లోతుకు తొక్కినా ఫలితం ఉండదు. చివరకు బ్రేకు ఆయిలే మరిగి గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవంవలె ఆవిరి ఒత్తిడిని మోయదు, నలిగిపోతుంది. పెడలు మెత్తగా నేలదాకా దిగిపోతుంది. ఉత్తరాన హిమాలయాలలోనూ, దక్షిణాన 70 వంకీ మలుపులున్న కొల్లి కొండల దారిలోనూ ఈ సూత్రం ఒకటే.

దీనికి విరుగుడు పాతకాలపు లారీ డ్రైవర్లకు బాగా తెలిసినదే: ఏ గేరులో కొండ ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. రెండవ గేరులోనో, నిటారుగా ఉన్నచోట మొదటి గేరులోనో ఉంచితే ఇంజను తనంత తానే కారును వెనక్కు పట్టి ఉంచుతుంది. ఆ గేరును వాలు మొదలు కాకముందే వేసుకోవాలి. ఆటోమేటిక్ గేర్లున్న కారులో కూడా కింది గేరును నిలిపి ఉంచే ఏర్పాటు ఉంటుంది, దానిని వాడుకోవాలి. బ్రేకుమీద పాదం అదేపనిగా ఆనించి ఉంచరాదు. మలుపుకు ముందు గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదలివేయాలి. ఆ విరామంలో బ్రేకులకు గాలి తగిలి చల్లబడతాయి. కాలిన వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి, అరగంట విశ్రాంతి ఇవ్వాలి. ఎర్రగా కాగిన డ్రమ్ముమీద, డిస్కుమీద చన్నీళ్ళు గుమ్మరించడం మంచిది కాదు, లోహం పగలవచ్చు.

పెట్రోలు ఆదా అవుతుందన్న ఆశతో న్యూట్రల్‌లో కొండ దిగడం, అంతకు మించి ఇంజను ఆపి దిగడం ప్రాణాలతో చెలగాటం. ఇంజను ఆగితే పాదానికి తోడ్పడే బలం ఒకటి రెండు తొక్కుళ్ళతో అయిపోతుంది. ఆ పైన పెడలు రాయిలా బిగుసుకుంటుంది. తాళంచెవి పూర్తిగా తిప్పితే స్టీరింగు కూడా బిగుసుకుపోవచ్చు. నేటి కార్లలో గేరులో ఉండగా యాక్సిలరేటరు వదలితే పెట్రోలు సరఫరా దాదాపు నిలిచిపోతుంది గనుక, ఆదా అన్న మాట కూడా నిజం కాదు.

విద్యుత్తుతో నడిచే కార్లలో దిగేటప్పటి శక్తి కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఆ మేరకు బ్రేకులకు శ్రమ తగ్గుతుంది. కాని కొండమీదనే బ్యాటరీని పూర్తిగా నింపుకొని బయలుదేరితే, ఆ శక్తిని దాచుకొనే చోటుండదు. అప్పుడు భారమంతా మళ్ళీ మామూలు బ్రేకులమీదే పడుతుంది. కొండమీద చార్జి చేసుకొనేవారు కొంత ఖాళీ ఉంచుకొని దిగడం మేలు.

ఇసుక, కంకర, ఆరబోసిన ధాన్యం

కోతల కాలంలో తెలుగునాట అనేక గ్రామాల దగ్గర సగం రోడ్డు కళ్ళమయిపోతుంది. వడ్లు, మొక్కజొన్నలు తారుమీదే ఆరబోస్తారు. చక్రాల కింద ఆ గింజలు సైకిలు బేరింగులోని గుండ్లవలె దొర్లుతాయి. వానాకాలంలో ట్రాక్టర్ల చక్రాలు పొలాలనుండి మోసుకువచ్చే నల్లరేగడి మట్టి సబ్బు పూసినట్లు జారుతుంది. ఇసుక లారీలు పోయే దారిలో మలుపుల దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. ఇలాంటిచోట్ల వేగాన్ని గట్టి రోడ్డుమీద ఉండగానే తగ్గించుకోవాలి. వాటిమీదికి చేరిన తరువాత పాదం నిదానంగా ఉండాలి. స్టీరింగు తిన్నగా ఉండాలి.

ఒక పక్క చక్రాలు తారుమీద, మరొక పక్కవి మట్టి అంచుమీద ఉండగా బ్రేకు బలంగా వేయడం మరీ ప్రమాదకరం. రెండు వైపులా పట్టు సమానంగా లేనందువలన కారు గిర్రున తిరిగిపోవచ్చు. ఎదుటి లారీకి దారి ఇవ్వడానికి మట్టిలోకి దిగవలసి వస్తే, వేగాన్ని ముందే తగ్గించుకొని దిగాలి. నెమ్మదించిన పిమ్మటే తిరిగి తారుమీదికి ఎక్కాలి.

మలుపులో బ్రేకు కాదు, మలుపుకు ముందు

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. ఆపడానికీ, తిప్పడానికీ రెండింటికీ దానినే పంచుకోవాలి. మలుపు మధ్యలో బ్రేకు బలంగా వేస్తే పట్టంతా ఆపడానికే ఖర్చయిపోయి, తిప్పడానికి ఏమీ మిగలదు. కారు స్టీరింగు మాట వినక తిన్నగా లోయవైపో, ఎదురు వాహనాలవైపో పోతుంది. అందుకే రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి, తగిన గేరుకు మార్చుకొని, ఆ పిమ్మట మలుపు తిరగాలి. మలుపులోకి వచ్చాక వేగం ఎక్కువయిందని తెలుసుకొని బ్రేకు కోసం వెదకడం ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం వంటిదే.

రాత్రి, పొగమంచు

రాత్రివేళ పాటించవలసిన సూత్రం ఒక్కటే: కనబడినంత దూరంలో ఆగగలగాలి. దించిన హెడ్‌లైట్లు చాలా కార్లకు ఇంచుమించు 50, 60 మీటర్ల మేర రోడ్డును చూపుతాయి. పొడి రోడ్డుమీద 72 కిలోమీటర్ల వేగంలో ఆగడానికే 49 మీటర్లు కావాలి. ఆ వేగం మించితే, వెలుగు అంచున కనబడిన అడ్డంకిని తప్పించే అవకాశం చోదకుని చేతిలో ఉండదు. వెనుక దీపాలు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ, ఎడ్లబండి, చీకటిలో నల్లని గేదె, ఇవేవీ ముందుగా హెచ్చరించి రావు. ఎదుటి వాహనపు కాంతికి కళ్ళు చెదిరిన కొన్ని సెకన్లపాటు చోదకుడు దాదాపు అంధుడే. కాబట్టి ఎదురుగా వెలుగు కనబడినప్పుడే వేగం తగ్గించుకోవాలి.

ఉత్తర భారతంలో డిసెంబరు, జనవరి మాసాలలో పొగమంచు కమ్మిన రహదారులమీద పదుల కొద్దీ వాహనాలు ఒకదానికొకటి గుద్దుకోవడానికి కారణం కూడా ఈ లెక్కే. 30 మీటర్లకు మించి కనబడని మంచులో, తేమ పట్టిన రోడ్డుమీద 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆగడానికి 38 మీటర్లు కావాలి. ఆ తేడా 8 మీటర్లలో ఏముందో ఎవరికీ తెలియదు. మంచులో ఆపదలచుకొన్నవారు ముందుగా బ్రేకును తేలికగా రెండుమూడుసార్లు తాకించి ఎర్రదీపంతో వెనుకవారిని హెచ్చరించాలి. రోడ్డుమీద ఆగక పూర్తిగా పక్కకు తప్పుకోవాలి.

పెడలు అదిరితే బెదరవద్దు

బ్రేకును అతి బలంగా తొక్కినప్పుడు చక్రాలు తిరగడం మాని బిగుసుకుపోతాయి. బిగుసుకుపోయిన చక్రం జారుతుంది; జారే చక్రం స్టీరింగుకు లొంగదు. దీనిని నివారించడానికి 1978లో జర్మనీలో బాష్ సంస్థ తయారు చేసిన ఏబీఎస్ అనే విధానాన్ని మెర్సిడెస్ బెంజ్ కార్లలో ప్రవేశపెట్టారు. చక్రం బిగుసుకోబోతున్నట్లు గుర్తించగానే ఇది సెకనుకు అనేకసార్లు బ్రేకు ఒత్తిడిని సడలించి తిరిగి బిగిస్తుంది. 2019నుండి భారతదేశంలో కొత్తగా తయారయ్యే కార్లకు ఇది తప్పనిసరి అయింది.

అయితే ఇది ఉన్న కారును ఎలా ఆపాలో తెలియనివారు ఎందరో ఉన్నారు. ఆపద ఎదురయినప్పుడు బ్రేకును శక్తికొద్దీ తొక్కి, అలాగే పట్టి ఉంచి, అడ్డంకిని తప్పించుకుంటూ స్టీరింగు తిప్పాలి. పాదం కింద పెడలు దడదడ అదురుతుంది. టకటకమనే చప్పుడు వస్తుంది. ఏదో విరిగిందన్న భయంతో సరిగ్గా ఆ క్షణంలోనే చాలామంది పాదం ఎత్తేస్తారు. అది విధానం పనిచేస్తున్నదనడానికి గుర్తే తప్ప పాడయిందనడానికి కాదు. ఖాళీగా ఉన్న విశాలమైన మైదానంలో ఒకటి రెండుసార్లు ఆ అదురును పాదానికి అలవాటు చేస్తే, అవసరమయినప్పుడు బెదురు ఉండదు.

ఈ విధానం లేని పాత కార్లలో పద్ధతి వేరు. చక్రాలు జారడం తెలియగానే బ్రేకును కొద్దిగా వదలి, అవి తిరగడం మొదలుపెట్టగానే మళ్ళీ తొక్కాలి. ఏ కారయినా సరే, మామూలుగా ఆపేటప్పుడు బ్రేకుతోపాటు క్లచ్చిని కూడా ఒకేసారి తొక్కడం మంచి అలవాటు కాదు. అలా చేస్తే ఇంజను ఇచ్చే సాయం పోతుంది. ముందు బ్రేకు వేసి, ఇంజను ఆగిపోతుందనిపించినప్పుడు మాత్రమే క్లచ్చి తొక్కాలి. ఇంకొక మాట: ఏబీఎస్ రోడ్డుకు లేని పట్టును సృష్టించలేదు. కంకరమీద, ఇసుకమీద కారు మరికొంత ఎక్కువ దూరం పోయి ఆగవచ్చు కూడా.

బ్రేకు పట్టనప్పుడు

ఒకవేళ పెడలు నిజంగానే నేలకు దిగిపోతే ధైర్యం చెడరాదు. దానిని వెంటవెంటనే తొక్కుతూ వదలుతూ ఉంటే కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. యాక్సిలరేటరు వదలి గేర్లను ఒక్కొక్కటిగా కిందికి తేవాలి. హ్యాండ్ బ్రేకును ఒక్క గుంజుతో కాక, బొత్తాన్ని నొక్కి పట్టుకొని కొద్దికొద్దిగా లాగాలి. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగిసి కారు తిరగబడవచ్చు. హారను, హెచ్చరిక దీపాలు వేసి ఇతరులను అప్రమత్తం చేయాలి. ఇంజనును మాత్రం ఆపరాదు. కొండదారిలో వేరే గతి లేనప్పుడు లోయవైపు కాక కొండవైపుకు ఒరిగి, గట్టును రాసుకుంటూ కారును నిలిపివేయడం మేలు.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గలది. డాట్ 3 రకం కొత్త ఆయిలు 205 డిగ్రీల సెల్సియస్‌కు లోపల మరగరాదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత అది 140 డిగ్రీలకే మరగవచ్చు. అందుకే ఆయిలు తగ్గకపోయినా రెండేళ్ళకొకసారి పూర్తిగా మార్చడం మంచిదంటారు. పెడలు మునుపటికంటె లోతుకు దిగడం, స్పాంజిలా మెత్తగా తగలడం, బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగడం, ఇనుము గీరుకున్న చప్పుడు రావడం, చక్రం లోపలివైపు తడి కనబడడం వంటి గుర్తులలో ఏ ఒక్కటి కనబడినా మెకానిక్కు దగ్గరికి పోవడంలో జాప్యం చేయరాదు. ప్రయాణానికి ముందు, కారు కదలిన మొదటి పది మీటర్లలోనే బ్రేకును ఒకసారి తొక్కి చూడడానికి రెండు సెకన్లు చాలు.

అర నిమిషం వెల

ఇన్ని మెలకువలకూ ఆధారమయినది ముందున్న వాహనానికి ఉంచే ఎడం. దానిని కొలవడం సులువు. ముందున్న వాహనం ఒక కిలోమీటరు రాయినో, చెట్టునో దాటగానే “వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు” అని నిదానంగా లెక్కపెట్టాలి. మూడు పూర్తికాకముందే కారు ఆ గుర్తును చేరితే ఎడం చాలదన్నమాట. వానలోను, రాత్రిలోను ఆ లెక్క ఆరుకు పెరగాలి. వెనుకవారి క్షేమం కూడా ఇందులో ఇమిడి ఉంది. భద్రతకు అవసరమయితే తప్ప హఠాత్తుగా బ్రేకు వేయరాదని 1989నాటి రహదారి నియమాలలోనే చెప్పారు. ముందు ఎడం ఉంచుకొన్నవానికి హఠాత్తుగా వేయవలసిన అగత్యమే అరుదుగా కలుగుతుంది.

మన రోడ్లమీద ఇది సాధ్యంకాదనీ, కాస్త చోటు వదిలితే మరొకడు వచ్చి దూరుతాడనీ అనేవారున్నారు. నిజమే, దూరుతాడు. అప్పుడు చేయవలసింది పాదాన్ని కొంచెం ఎత్తి, పోయిన ఎడాన్ని మళ్ళీ తెచ్చుకోవడమే. అందుకు పట్టేది మూడు సెకన్లు. ఒక ప్రయాణంలో పదిమంది అలా దూరినా మొత్తం మీద కలిగే ఆలస్యం అర నిమిషం. ఆ అర నిమిషాన్ని ఆదా చేసుకోవాలని ముందువాని వెనుకచక్రాన్ని అంటిపెట్టుకొని పోయేవాడు, తన పక్క సీటులోనూ వెనుక సీటులోనూ ఉన్నవారి ప్రాణాలను పందెంగా ఒడ్డుతున్నాడు. ఆ పందెం గెలిస్తే అతనికి దక్కేది ఆ అర నిమిషమే.